రెండో తరగతి బాబుకి సొంత ల్యాప్‌టాప్ అవసరమా?

ప్రశ్న: మాది విజయవాడ, పటమట. బాబు రెండో తరగతి. పక్క ఫ్లాట్ అబ్బాయికి సొంత ల్యాప్‌టాప్ కొన్నారు, ఆన్‌లైన్‌లో కోడింగ్ నేర్పిస్తున్నారు. మావాడు వెనకబడిపోతాడేమోనని టెన్షన్‌గా ఉంది. ల్యాప్‌టాప్ కొనమంటారా, ట్యాబ్ సరిపోతుందా? - ఒక తల్లి

జవాబు: అమ్మా, ఇటు బెంజి సర్కిల్ నుంచి అటు గుంటూరు బ్రాడీపేట దాకా ఎంతోమంది తల్లిదండ్రులు నన్ను ఇదే అడిగారు. ముందు మీ భయం సంగతి చూద్దాం. ఏడేళ్లకు సొంత కంప్యూటర్ లేదని ఏ పిల్లాడూ వెనకబడడు. ఈ రోజు సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడిన మన కృష్ణా, గుంటూరు జిల్లాల వాళ్లలో చాలామంది ఇంజనీరింగ్‌లో చేరాకే మొదటిసారి కీబోర్డు ముట్టుకున్నారు.

చిన్నపిల్లల కోడింగ్ క్లాసుల మీద నాకు చాలా అనుమానాలున్నాయి. పోయిన వేసవిలో మూడో తరగతి బాబుని తీసుకొచ్చారు. ఫైల్లో నాలుగు సర్టిఫికెట్లు. తను చేసిన గేమ్ చూపించాడు. బటన్ నొక్కితే పిల్లి పది అడుగులు వేస్తుంది. "ఇంకా దూరం నడవాలంటే ఏం చెయ్యాలి నాన్నా?" అన్నాను. తెర మీద 10 అంకె కనబడుతూనే ఉంది. "అది మేడమ్ ఇంకా చెప్పలేదండి" అన్నాడు. అంకె మార్చి చూద్దామని వాడికి తోచలేదు. తప్పు వాడిది కాదు, చెప్పింది చెప్పినట్టు చేయడమే నేర్పారు. ఆ గేమ్‌ని స్క్రాచ్ అనే ప్రోగ్రామ్‌లో చేశాడు. దాన్ని అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు ముఖ్యంగా 8 నుంచి 16 ఏళ్ల పిల్లల కోసం తయారు చేశారు, 2007 నుంచి ఉచితంగానే దొరుకుతోంది. దానికోసం మనం వేలకు వేలు ఫీజులు కడుతున్నాం. 2020 జాతీయ విద్యా విధానం కూడా కోడింగ్‌ను 6 నుంచి 8 తరగతుల దశలోనే పెట్టింది.

కాస్త కటువుగా చెప్తున్నాను, ఏమీ అనుకోకండి. మీ బాబుకి ఏమిష్టమో ఒక్క ముక్క రాయలేదు. రాసిందంతా పక్క ఫ్లాట్ గురించే. ఆ అబ్బాయిని చూసి కొంటే అది మీ టెన్షన్ తగ్గడానికి కొన్నట్టే. తర్వాత వాడు తలుపేసుకుని వీడియోలు చూస్తుంటే, లాక్కోబోతే ఏడుస్తుంటే, "వదలట్లేదండీ" అంటూ మళ్లీ నా దగ్గరకే వస్తారు. అలా వచ్చినవాళ్లను చాలామందిని చూశాను.

ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంటే హాల్లో అందరికీ కనబడేలా పెట్టండి. అది ఇంటిది, వాడిది కాదు. వారానికి రెండు మూడుసార్లు, అరగంట, పక్కన మీరు కూర్చుని. ట్యాబ్ వద్దు, దాని మీద చూడడమే ఎక్కువ, చేసేది తక్కువ. సాయంత్రం వెలుతురు ఉండగానే ఆరుబయట ఆడనివ్వండి, కళ్లకు కూడా మంచిది.

పులి-మేక ఆడించండి. నేనిటు జరిపితే పులి ఎటు దూకుతుంది అని వాడు ముందే లెక్కేసుకుంటాడు చూడండి, ప్రోగ్రామ్ రాయడానికి కావలసిన బుర్ర అదే. ఇంకో ఆట కూడా ఉంది. గుమ్మం నుంచి వీధి చివరి కొట్టు దాకా దారి వాడినే చెప్పమనండి: పది అడుగులు ముందుకు, ఎడమకి తిరుగు, అలా. వాడు చెప్పినట్టే నడవండి. గోడ అడ్డొస్తే అక్కడే ఆగిపోండి. ఎక్కడ తప్పు చెప్పాడో వాడే వెతుక్కుంటాడు.

ఆరో తరగతికొచ్చాక, ఫలానాది చేసుకోవడానికి కంప్యూటర్ కావాలని వాడే అడిగితే మళ్లీ రాయండి. ఏది కొనాలో, ఎంతలో కొనాలో అప్పుడు చెప్తాను.