బెకంట్రీలో ఇల్లు కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

మీ ఇద్దరూ లండన్ తూర్పు శివారులోని బెకంట్రీలో ఒక ఇల్లు చూసి ఇష్టపడ్డారని అక్కయ్య ఫోనులో చెప్పింది, సంతోషించాను. ఈస్ట్ హామ్‌లో అద్దెకుంటున్న మనవాళ్లలో చాలామంది, సొంత ఇల్లు అనుకునే వేళకు ధర అందుబాటులో ఉంటుందని అటువైపే చూస్తున్నారు. అయితే ఆ పేట ఎలా పుట్టిందో తెలియకుండా అక్కడి ఇంటి మంచిచెడ్డలు బేరీజు వేయడం కష్టం కనుక, కాంట్రాక్టులు ఎక్స్ఛేంజ్ అయ్యేలోగా (అంటే బేరం ఇక వెనక్కి తీసుకోలేనంతగా ఖాయమయ్యేలోగా) ఈ ఉత్తరం ఒకసారి నిదానంగా చదువు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, తిరిగివచ్చిన సైనికులకు తగిన ఇళ్లు కట్టిస్తామని ప్రభుత్వం మాట ఇచ్చింది. మంత్రి క్రిస్టఫర్ అడిసన్ పేరుతో పిలిచే 1919 నాటి గృహనిర్మాణ చట్టం ఆ మాటలోంచి వచ్చిందే. లండన్ ఈస్ట్ ఎండ్‌లో ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కుటుంబం కాపురముంటూ, నాలుగైదు కుటుంబాలకు ఒకే కుళాయి, ఒకే మరుగుదొడ్డి ఉన్న కాలమది. నాటి లండన్ పాలక సంస్థ అయిన లండన్ కౌంటీ కౌన్సిల్, అప్పట్లో ఎసెక్స్ జిల్లాలో ఉన్న బార్కింగ్, డాగెన్‌హమ్, ఇల్ఫర్డ్ పొలాలను, కూరగాయల తోటలను కొని, 1921లో మొదలుపెట్టి 1930ల నడిమికల్లా సుమారు 26,000 ఇళ్లు కట్టింది. ఇటుక, కలప, సిమెంటు తెచ్చుకోవడానికి థేమ్స్ ఒడ్డున ఒక రేవును, అక్కడినుంచి పని జరిగే చోటికి తాత్కాలికంగా ఒక రైలుమార్గాన్ని కూడా వేసుకున్నారు. లక్షకు పైగా జనం వచ్చి చేరిన ఆ పేట, ప్రభుత్వం కట్టిన నివాస పేటల్లో ప్రపంచంలోనే అతి పెద్దదని పేరు తెచ్చుకుంది. నువ్వు చూసిన ఇల్లు ఆ వేలల్లో ఒకటి.

కట్టినవాళ్ల ఉద్దేశం ఇంటి గోడల్లోనే కనిపిస్తుంది. గదులు చిన్నవే అయినా వెలుతురు బాగా వస్తుంది. ముందొక చిన్న తోట, వెనుక కాస్త పెద్ద పెరడు, సొంత కుళాయి, సొంత స్నానపు తొట్టి ఇచ్చారు. వచ్చిన కుటుంబాల్లో చాలావాటికి ఇవన్నీ అంతకు ముందు ఎరగని సౌకర్యాలు. అద్దెకుండేవారికి కౌన్సిల్ నియమాలు కూడా పెట్టింది: కిటికీ అద్దాలు శుభ్రంగా ఉంచాలి, ముందున్న ప్రివెట్ మొక్కల పచ్చ కంచెను కత్తిరించి తీర్చిదిద్దాలి. ఈనాటికీ కొన్ని వీధుల్లో ఆ పచ్చటి కంచె నడుమెత్తున వరుసగా కనిపిస్తుంది, పక్కింట్లో దాన్ని పీకి కార్లకోసం రాళ్లు పరిచిన చోటు కూడా కనిపిస్తుంది. ఆ కంచె ఉన్న ఇల్లు దొరికితే దాన్ని ఉంచుకోమనే నా మాట. తప్పక కారు నిలపాలంటే, ముందు తోటలో 5 చదరపు మీటర్లకు మించి నీరు ఇంకని రాళ్లు వేసి, వాన నీటిని వీధిలోకి వదిలితే ప్లానింగ్ అనుమతి కావాలని 2008 నుంచి నిబంధన ఉంది. కారు లోపలికి ఎక్కేలా కాలిబాట అంచు కోసి దించడానికి స్థానిక కౌన్సిల్ అనుమతి వేరే తీసుకోవాలి. ఇంటి ముందు ఇదివరకే అలాంటి పని జరిగి ఉంటే కాగితాలు చూపించమని అడుగు.

ఆ పేట తొలి సంవత్సరాల కష్టం నీకు నేరుగా పనికివచ్చే పాఠం. ఇళ్లు ముందు లేచాయి. ఉద్యోగాలు, బడులు, దుకాణాలు తరువాత మెల్లగా వచ్చాయి. పాత పేటలో కంటే అద్దె ఎక్కువ, పనికి వెళ్లిరావడానికి రైలు ఖర్చు అదనం, అందుచేత భరించలేక కొందరు తిరిగి ఈస్ట్ ఎండ్‌కే వెళ్లిపోయారు. 1931లో ఫోర్డ్ కర్మాగారం డాగెన్‌హమ్‌లో తెరుచుకున్నది, 1932లో లండన్ అండర్‌గ్రౌండ్ రైలు డిస్ట్రిక్ట్ లైను అప్‌మిన్‌స్టర్ దాకా సాగింది, అప్పటికి ఊపిరి తీసుకున్నారు. కనుక ఇంటి ధర ఒక్కటే చూడవద్దు. రైలు ఛార్జీలు జోన్లను బట్టి ఉంటాయి: అప్నీ స్టేషను నాలుగో జోనులో ఉంది. బెకంట్రీ, డాగెన్‌హమ్ హీత్‌వే అయిదో జోనులో ఉన్నాయి. పేట ఉత్తరపు అంచున ఉండేవారికి గుడ్‌మేస్, చాడ్‌వెల్ హీత్ స్టేషన్లలో ఎలిజబెత్ లైను రైలు అందుతుంది, నడుమ ఉండేవారు మాత్రం ముందు బస్సెక్కాలి. ఉదయం నువ్వు ఆఫీసుకు బయలుదేరే వేళకే ఆ ఇంటి గుమ్మం నుంచి బయలుదేరి చూడు. బెకంట్రీలో ఎక్కితే ఈస్ట్ హామ్ మూడో స్టేషను కాబట్టి గుడికీ, మన సరుకులకూ దూరమైపోతామన్న బెంగ మీ ఆవిడకు అక్కర్లేదు.

ఇక ఇంటి సంగతి. 1980 గృహ చట్టం వచ్చాక అద్దెదారులు తాము ఉంటున్న కౌన్సిల్ ఇళ్లను తగ్గింపు ధరకు కొనుక్కున్నారు, అందువల్ల ఒకే వరుసలో సొంత ఇల్లు, కౌన్సిల్ ఇల్లు, అద్దెకిచ్చిన ఇల్లు గోడకు గోడగా ఉంటాయి. పక్కిల్లు ఎవరిదో తెలుసుకో, రేపు ఉమ్మడి గోడ దగ్గర పని పెట్టుకుంటే నోటీసు ఎవరికివ్వాలో అప్పుడు తెలుస్తుంది. బ్యాంకు తన కోసం చేయించే వాల్యుయేషన్‌ను (ధర అంచనాను) సర్వే అనుకోవద్దు. దాదాపు వందేళ్ల ఇల్లు కాబట్టి లెవెల్ 3 సర్వే (ఇంటి స్థితిని అన్నిటికంటే వివరంగా పరిశీలించేది) నువ్వే డబ్బు పెట్టి చేయించు. గోడల చెమ్మ, పైకప్పు, మురుగు గొట్టాలు ప్రత్యేకంగా చూడమని సర్వేయరుతో ముందే చెప్పు. వెనుక పెంచిన వంటగదికీ, అటకమీద కట్టిన గదికీ పని పూర్తయినట్టు బిల్డింగ్ కంట్రోల్ (కట్టడ నిబంధనల తనిఖీ విభాగం) ఇచ్చిన సర్టిఫికెట్ ఉందో లేదో సొలిసిటర్ (లాయరు) చేత రాతపూర్వకంగా అడిగించు. మన వంటల ఆవిరికి ఈ చిన్న వంటగదుల్లో గోడలు త్వరగా బూజు పడతాయి, కాబట్టి గాలిని బయటికి తోసే ఫ్యాను ఉన్నదీ లేనిదీ చూడమను.

గుండ్రంగా ముగిసే చిన్న సందులను అక్కడివారు బాంజోలు అంటారు. పిల్లలకు అవి ఎంతో క్షేమం, కాని కార్లు నిలపడం దగ్గర మాటామాటా వస్తుంది. సాయంత్రం ఏడు దాటాక వెళ్లి చూడు.

పార్కుల విషయంలో ఆ పేటకు లోటు లేదు. 1935లో తెరిచిన పార్స్లోస్ పార్కు, పడమట మేస్‌బ్రూక్ పార్కు రెండూ నడకకు, ఆటకు విశాలంగా ఉంటాయి. అత్యవసర వైద్యానికి గుడ్‌మేస్‌లో కింగ్ జార్జ్ ఆసుపత్రి, రోమ్‌ఫర్డ్‌లో క్వీన్స్ ఆసుపత్రి ఉన్నాయి. బడి సంగతి మాత్రం ఎవరి మాటా నమ్మక నువ్వే కనుక్కో, ఇంటినుంచి బడికి ఎంత దూరమన్నదే సీటును తేల్చే సందర్భాలు చాలా ఉంటాయి.

ఒక శనివారం వాలెన్స్ హౌస్‌కు ఇద్దరూ వెళ్లండి. ఈ పేటకు ఎంతో ముందునుంచీ ఉన్న జమీందారీ భవనం అది, ఇప్పుడు బరో (స్థానిక కౌన్సిల్ ప్రాంతం) మ్యూజియం. అక్కడే స్థానిక చరిత్ర పత్రాల విభాగం ఉంది. బయలుదేరేముందు ఆ విభాగం తెరిచి ఉండే రోజు కనుక్కుని, వెళ్లాక మీ వీధి పేరు చెప్పి పాత పటాలు, ఫొటోలు చూపించమని అడగండి. మీ ఇంటి ముందు మొదట్లో ఏముండేదో, ఏ గోడ తరువాత వచ్చిందో వాటిలో తేలితే సర్వేయరును అడగడానికి మంచి ఆధారం దొరుకుతుంది.

సర్వే రిపోర్టు రాగానే నాకు పంపు. నేను చదివి, ధర తగ్గించమని అడగదగిన అంశాలకు గుర్తులు పెట్టి ఇస్తాను, అంతవరకు ఎక్స్ఛేంజ్ తేదీ ఖాయం చేయవద్దు.

ఇట్లు,
మామయ్య