బ్యాండ్‌సా కోత పక్కకు పోతోంది, చెక్కను నెట్టాలంటే భయంగా ఉంది: సర్దుబాటు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

మీరు 14 అంగుళాల చక్రాలున్న బ్యాండ్‌సా, అంటే రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే బ్లేడుతో కోసే రంపం, తెచ్చుకున్నారు. ఫెన్సుకు, అంటే చెక్కను సూటిగా నడిపించడానికి బల్ల మీద బిగించే కమ్మీకి, ఆనించి కోసినా కోత గీత తప్పి ఒక పక్కకు పోతోందనీ, దాన్ని గీత మీదికి తేవడానికి చెక్కను బలంగా నెట్టవలసి వస్తోందనీ, అలా నెట్టేటప్పుడు వేళ్ళు ఏమవుతాయోనని భయం వేస్తోందనీ రాశారు. ఇవి రెండు వేర్వేరు సమస్యలు కావు. సరిగా సర్దిన యంత్రం మీద, పదునున్న బ్లేడుతో, చెక్క చాలా తక్కువ ఒత్తిడికే ముందుకు సాగుతుంది. సర్దుబాటు లోపించినప్పుడు మనం బలం వాడతాం. బలంగా నెడుతున్న చెయ్యి, కోత పూర్తయి అడ్డు తొలగిన ఆ క్షణంలో, ఆగలేక బ్లేడు మీదికే వెళుతుంది. కాబట్టి మీ భయానికి కూడా సమాధానం ముందుగా సర్దుబాటులోనే వెతకాలి. చాలా కాలంగా ఈ యంత్రం మీద పనిచేస్తూ నేను పాటిస్తున్న క్రమాన్ని ఇక్కడ వివరిస్తాను. క్రమం అని నొక్కి చెప్పడానికి కారణం, ఇందులో ప్రతి సర్దుబాటూ దాని ముందున్న సర్దుబాటు మీద ఆధారపడటమే.

మొదట ప్లగ్గు ఊడదీయండి. స్విచ్చి ఆపితే చాలదు; చక్రాల తలుపులు తెరిచి ఉన్నంతసేపూ ప్లగ్గు కంటికి కనిపించే చోట ఊడి ఉండాలి. తరువాత బ్లేడు పక్కలకు ఒరగకుండా ఆపే గైడ్లను, బల్లకు పైన ఉన్నవాటినీ కింద ఉన్నవాటినీ, బ్లేడు వెనుక ఉండి దానికి ఆసరా ఇచ్చే బేరింగులనూ పూర్తిగా వెనక్కి జరపండి. చాలామంది పైగైడ్లను మాత్రమే జరిపి కిందివాటిని మరిచిపోతారు. అప్పుడు బ్లేడు తన సహజమైన దారిలో నడవదు, గైడ్లు నెట్టిన దారిలో నడుస్తుంది. ఆపైన చేసే సర్దుబాటంతా ఆ తప్పు దారికే సరిపోతుంది. చక్రాల మీది రబ్బరు టైర్లను కూడా ఈ దశలోనే చూడాలి. అంటుకున్న పొట్టూ జిగురూ గట్టిపడి గడ్డకడితే బ్లేడు ప్రతి చుట్టులోనూ అక్కడ ఎగురుతుంది. వాటిని గోకి, తుడిచి, రబ్బరు పగిలిందేమో వేలితో తడిమి చూడండి.

బ్లేడు ఎక్కించేటప్పుడు పళ్ళు మీ వైపుకూ, బల్ల దగ్గర కిందికీ చూడాలి. పళ్ళు పైకి చూస్తున్నట్టు కనిపిస్తే బ్లేడు తిరగబడి ఉన్నట్టు. దాన్ని లోపలి వైపు బయటికి వచ్చేలా మెలితిప్పి మళ్ళీ ఎక్కించండి. చుట్ట కట్టి ఉన్న బ్లేడును విప్పేటప్పుడు అది ఒక్కసారిగా విచ్చుకుంటుంది కాబట్టి తోలు చేతితొడుగులూ కళ్ళద్దాలూ తప్పనిసరి. అయితే చేతితొడుగుల అవసరం బ్లేడును పట్టుకునే పనికే పరిమితం. యంత్రం తిరుగుతున్నప్పుడు వాటిని తీసివేయాలి, ఎందుకంటే పళ్ళకు చిక్కిన తొడుగు వేలిని కూడా తనతో లాక్కుపోతుంది.

బిగువు విషయంలో యంత్రం మీద ఉండే కొలత గీతలను నేను పూర్తిగా నమ్మను. అవి స్ప్రింగు ఎంత నొక్కుకుందో చెబుతాయి. పాతబడిన స్ప్రింగు తక్కువ బలానికే అంత నొక్కుకుంటుంది. పైగైడును బల్లకు 150 మిల్లీమీటర్ల ఎత్తున నిలిపి, బ్లేడు పక్కభాగాన్ని వేలితో ఓ మోస్తరుగా నొక్కితే సుమారు 6 మిల్లీమీటర్లు కదలాలి. మామూలు కార్బన్ స్టీలు బ్లేడుకు ఈ పరీక్ష చాలు. కదలిక అంతకంటే బాగా ఎక్కువైతే బ్లేడు మందమైన చెక్కలో విల్లులా వంగి, పైన సూటిగా కనిపించిన కోత లోపల పొట్ట కడుతుంది. మీరు చెప్పిన సమస్యకు ఇది ఒక ముఖ్యమైన కారణం కావచ్చు.

బిగువు కుదిరాకే బ్లేడు చక్రం మీద ఎక్కడ నడుస్తోందో చూడాలి, ఎందుకంటే బిగువు మారితే ఆ చోటు కూడా మారుతుంది. పైచక్రాన్ని చేత్తో తిప్పుతూ, దాని వెనుక ఉన్న మరను కొద్దికొద్దిగా తిప్పితే చక్రం ముందుకో వెనక్కో ఒరుగుతుంది, బ్లేడు కూడా దాన్ని అనుసరించి జరుగుతుంది. ఈ తరహా యంత్రాలలో టైరు మధ్యభాగం కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. బ్లేడు ఆ ఉబ్బు మీద నిలబడాలి. పళ్ళ మధ్య ఉండే లోతైన సందులు సరిగ్గా ఉబ్బు నడిమి గీత మీద పడేలా ఉంచినప్పుడు కోత పక్కకు పోవడం బాగా తగ్గినట్టు నా అనుభవం. ఈ సర్దుబాటంతా చేత్తో తిప్పుతూనే చేయాలి. పలుమార్లు తిప్పినా బ్లేడు కదలకుండా ఒకే చోట నడిచాకే తలుపులు మూసి, ప్లగ్గు పెట్టి, ఒక్క క్షణం నడిపి ఆపి చూడండి.

పైచక్రమూ కిందిచక్రమూ ఒకే తలంలో లేవని అనుమానించి వాటిని జరపమని కొందరు సలహా ఇస్తారు. మిగతా కారణాలన్నీ చూసేదాకా దాని జోలికి వెళ్ళవద్దని నా సలహా. బ్లేడు నిలకడగా నడుస్తున్నంతవరకూ దాని అవసరం చాలా అరుదు.

ఇప్పుడు బల్ల. మూలమట్టాన్ని బల్ల మీద నిలిపి బ్లేడు పక్కభాగానికి ఆనించి, బల్ల బ్లేడుకు నిటారుగా ఉండేలా బిగించండి. మూలమట్టం పళ్ళకు తగలకుండా చూసుకోవాలి. పళ్ళు ఒకటి అటూ ఒకటి ఇటూ వంగి ఉంటాయి కాబట్టి వాటికి ఆనిస్తే కొలత తప్పుతుంది. తరువాత గైడ్లను బ్లేడు దగ్గరికి తీసుకురండి. పక్కగైడ్ల ముందు అంచు పళ్ళ సందులకు కొంచెం వెనుకనే ఆగిపోవాలి. పళ్ళు గైడ్ల మధ్యలోకి పోతే, ఉక్కు గైడ్లయితే కొద్ది సెకన్లలోనే పళ్ళ వంపు పాడవుతుంది. ఒక పక్క పళ్ళు మొద్దుబారిన బ్లేడు ఎంత సర్దినా రెండో పక్కకే కోస్తుంది. బ్లేడుకూ పక్కగైడుకూ మధ్య ఒక కాగితం మందమంత ఖాళీ, వెనుక బేరింగుకు సుమారు అర మిల్లీమీటరు ఖాళీ ఉంచండి. వెనుక బేరింగు చెక్క కోస్తున్నప్పుడు తిరగాలి, ఖాళీగా నడుస్తున్నప్పుడు తిరగకూడదు. ఈ ఒక్క గుర్తు చూస్తే అక్కడి సర్దుబాటు బాగుందో లేదో తెలిసిపోతుంది. చివరగా, పైగైడును మోసే స్తంభాన్ని కిందినుంచి పైదాకా జరుపుతూ ఖాళీలు మారుతున్నాయేమో చూడండి. చాలా యంత్రాలలో ఆ స్తంభం బ్లేడుకు పూర్తిగా సమాంతరంగా ఉండదు, అలాంటప్పుడు ఎత్తు మార్చిన ప్రతిసారీ గైడ్లను మళ్ళీ చూసుకోవాలి.

ఇంత చేశాక కూడా కోత కాస్త పక్కకు పోతే కంగారు పడనక్కర్లేదు. ఒక పొడవైన పలక మీద అంచుకు సమాంతరంగా గీత గీసి, ఫెన్సు లేకుండా చేత్తో ఆ గీత వెంట సగం దాకా కోయండి. గీత మీద నిలబడటానికి పలకను ఏ కోణంలో పట్టుకోవలసి వచ్చిందో అదే ఆ బ్లేడు స్వభావం. యంత్రాన్ని ఆపి, పలకను కదలనీయకుండా పట్టుకుని, దాని అంచు వెంట బల్ల మీద పెన్సిలు గీత గీసి, ఫెన్సును ఆ గీతకు సమాంతరంగా బిగించండి. బ్లేడు మార్చినప్పుడల్లా ఈ కోణాన్ని మళ్ళీ చూడాలి.

చెక్కకు తగని బ్లేడు కూడా ఇదే బాధ పెడుతుంది. కోస్తున్న మందంలో కనీసం మూడు పళ్ళు ఉండాలి. అయితే మందపు చెక్కకు సన్నని పళ్ళ బ్లేడు వాడితే సందులు పొట్టుతో నిండిపోయి, బ్లేడు కోయడం మాని రాసుకోవడం మొదలుపెడుతుంది. 150 మిల్లీమీటర్ల దిమ్మెను పలుచని పలకలుగా చీల్చడానికి అంగుళానికి 3 పళ్ళున్న వెడల్పు బ్లేడు సరిపోతుంది. వంపుల విషయంలో వెడల్పే హద్దు. పావు అంగుళం బ్లేడు సుమారు 16 మిల్లీమీటర్ల వ్యాసార్థం దాకా తిరగగలదు. అర అంగుళం బ్లేడుకు 64 మిల్లీమీటర్లకు తగ్గని వ్యాసార్థం కావాలి. ఆ హద్దు దాటించాలని చూస్తే బ్లేడు మెలితిరిగి గైడ్లను ఒరుసుకుంటుంది.

ఇక చేతుల సంగతి. ఈ యంత్రం గుండ్రటి రంపంలా చెక్కను మన మీదికి విసరదు. కోత బలమంతా చెక్కను బల్లకేసి నొక్కుతుంది. ఈ నిమ్మళమే ప్రమాదానికి మూలమని నేను బలంగా నమ్ముతున్నాను. చప్పుడు తక్కువ, అదురు తక్కువ, అందుకే చేతులు తెలియకుండానే దగ్గరికి జరుగుతాయి. చెక్క కోసే బ్యాండ్‌సాలలో బ్లేడు మామూలుగా నిమిషానికి 900 మీటర్ల వేగంతో, అంటే సెకనుకు సుమారు 15 మీటర్ల చొప్పున, కిందికి పోతూ ఉంటుంది. పొరపాటున తగిలిన వేలిని వెనక్కి తీసుకునే వ్యవధి ఉండదు.

అందుకని పైగైడును ఎప్పుడూ చెక్కకు 6 మిల్లీమీటర్ల ఎత్తు మించకుండా దించండి. దానివల్ల బ్లేడు పైభాగం కప్పి ఉంటుంది, ఆసరా దగ్గరగా ఉండటంతో కోత కూడా సూటిగా వస్తుంది. చేతులు బ్లేడుకు రెండు పక్కలా ఉండవచ్చు గాని బ్లేడు దారిలో ఉండకూడదు, ముఖ్యంగా బొటనవేలు. చెక్క చివరి భాగాన్ని తోయడానికి వేరే కర్రముక్క వాడాలి, దాన్ని పని మొదలుపెట్టక ముందే చేతికందే చోట పెట్టుకోవాలి. మధ్యలో వెతుక్కునే పరిస్థితి వస్తే మనిషి చేత్తోనే నెట్టేస్తాడు. వేళ్ళతో పట్టుకోవడానికి చాలనంత చిన్న ముక్కను పెద్ద పలకకు అతికించో బిగించో కోయండి. కోత ముగిసే చోట, గీత చివరకు ఇంకా కొంచెం దూరం ఉండగానే, ఒత్తిడి తగ్గించడం అలవాటు చేసుకోండి. అక్కడ బ్లేడు తానే పని పూర్తి చేసుకుంటుంది.

గుండ్రటి కర్రను ఒట్టి చేతులతో పట్టుకుని కోయవద్దు. ఇందులో నేను ఏ మినహాయింపూ ఇవ్వను. పళ్ళు పట్టుకున్న వెంటనే కర్ర దొర్లుతుంది, పట్టుకున్న చేతిని బ్లేడు వైపు తిప్పుతుంది, చాలాసార్లు బ్లేడును కూడా ముడిచి తెంపుతుంది. ఆంగ్ల అక్షరం వీ ఆకారంలో గాడి చేసిన దిమ్మెలో దాన్ని కూర్చోబెట్టి, దిమ్మెతో సహా ముందుకు నడపాలి. దుంగ అయితే పలకకు మరలతో బిగించాలి. ఇదే కారణంగా, బ్లేడు దిగే చోట చెక్క కింద ఖాళీ ఉండకూడదు. వంగిన పలకను గాలిలో తేలుతున్నట్టు పట్టుకుని కోస్తే బ్లేడు దాన్ని ఒక్కసారిగా బల్లకేసి కొడుతుంది.

వంపు కోతల్లో ముందే వృథా భాగంలోకి చిన్న అడ్డకోతలు కోసి పెట్టుకుంటే, ముక్కలు విడిపోతూ బ్లేడుకు తిరిగే చోటు ఇస్తాయి. మధ్యలో ఇరుక్కుంటే, యంత్రం నడుస్తుండగా చెక్కను వెనక్కి లాగితే బ్లేడు చక్రాల మీదినుంచి ఊడి ముందుకు వస్తుంది. స్విచ్చి ఆపి, చక్రాలు పూర్తిగా ఆగేదాకా వేచి ఉండి, అప్పుడు మెల్లగా వెనక్కి తీయండి. స్విచ్చి ఆపాక కూడా చక్రాలు చాలాసేపు తిరుగుతూనే ఉంటాయి. విరిగిన ముక్కల్ని బల్ల మీదినుంచి తుడవాలనిపించేది సరిగ్గా అప్పుడే, కాబట్టి ఆ సమయంలో చేతులు బల్లకు దూరంగా ఉంచండి.

ప్రతి చుట్టుకూ ఒకసారి టిక్కుమనే చప్పుడు వినిపిస్తే వెంటనే ఆపాలి. సాధారణంగా అది బ్లేడు రెండు కొనలనూ కలిపిన అతుకు దగ్గర మిట్టపల్లం గాని, బ్లేడులో పగులు గాని అయి ఉంటుంది. ఈ యంత్రానికి 1809లోనే విలియం న్యూబెర్రీ ఇంగ్లండులో పేటెంటు పొందినా, అతుకు నిలిచే బ్లేడు తయారుచేయడం సాధ్యం కాక దశాబ్దాల పాటు వాడుకలోకి రాలేదు. ఇప్పటికీ అనుమానించవలసిన చోటు ఆ అతుకే. బ్లేడు నిజంగా తెగితే పెద్ద చప్పుడవుతుంది. స్విచ్చి ఆపి, పక్కకు తప్పుకుని, అంతా నిశ్చలమయ్యేదాకా తలుపు తెరవవద్దు.

దుమ్ము గురించి మీరు అడగలేదు గాని చెప్పాలి. చెక్క దుమ్మును ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. కింది చక్రం దగ్గర పొట్టును పీల్చే గొట్టం అమర్చుకోండి, ముక్కుకు సరైన మాస్కు పెట్టుకోండి. వదులు చేతుల చొక్కాలూ, వేలాడే గొలుసులూ, ముడివేయని జుట్టూ యంత్రం దగ్గరికి రానీయకండి.

పని ముగిశాక బిగువు సడలించి వదిలితే టైర్లూ, స్ప్రింగూ, బ్లేడూ ఎక్కువ కాలం మన్నుతాయి. అలా సడలించినట్టు స్విచ్చికి ఒక చీటీ కట్టండి, లేకపోతే మరొకరు చూసుకోకుండా నడిపే అవకాశం ఉంది. ఈ క్రమమంతా చేసి చూశాక కూడా కోత పక్కకు పోతుంటే, బ్లేడు వెడల్పు, అంగుళానికి పళ్ళ సంఖ్య, చెక్క మందం, కోత కుడికి పోతోందా ఎడమకు పోతోందా, పైనా కిందా ఒకేలా పోతోందా లేక లోపల పొట్ట కడుతోందా అనే వివరాలు రాయండి. లోపల పొట్ట కడితే బిగువునూ, పళ్ళ సందులు పొట్టుతో నిండుతున్నాయేమోననీ ముందు చూస్తాను. పైనా కిందా ఒకేలా పోతే పళ్ళను, ఆ తరువాత చక్రం మీద బ్లేడు నడిచే చోటును చూస్తాను.