మూసీ గురించి మీరడిగినవి

ప్రశ్న: గోదావరి నీళ్లు గండిపేటకు తెచ్చి మూసీలోకి వదిలితే నది బాగుపడుతుందా? – ఒక పాఠకుడు, లంగర్‌హౌస్

జవాబు: మురుగును ఆపకుండా వదిలితే బాగుపడదు. లెక్క చూడండి. స్నానానికి పనికొచ్చే నదిలో బీఓడీ లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. బీఓడీ అంటే నీళ్లలోని మలినాన్ని తినడానికి సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్. ఇళ్ల నుంచి వచ్చే పచ్చి మురుగులో ఇది సుమారు 200 ఉంటుంది. కలిపే నీళ్లలో 1 ఉందనుకున్నా, లీటరు పచ్చి మురుగును 3కి దించడానికి 98 లీటర్లు పైనే కావాలి. అదే మురుగును శుద్ధి చేసి 10కి తెచ్చి వదిలితే మూడున్నర లీటర్లు చాలు.

గోదావరి నీళ్లలో మూసీ కోసం అనుకున్న 2.5 టీఎంసీలను ఏడాదంతా సమానంగా వదిలితే రోజుకు 19 కోట్ల లీటర్లు వస్తాయి. హైదరాబాద్ నగరం మురుగు 2021 నాటి లెక్కల్లోనే రోజుకు 165 కోట్ల లీటర్లు. 1908 వరద తర్వాత మూసీ మీద 1920లో గండిపేట (ఉస్మాన్‌సాగర్) జలాశయం, దాని ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. అవి వరదను ఆపాయి, ఊరికి తాగునీళ్లిచ్చాయి. కానీ గేట్లు ఎత్తిన రోజుల్లో తప్ప దిగువకు మంచినీళ్లు రావు. వేసవిలో నగరంలో పారేది దాదాపు అంతా మురుగే. కొత్త నీళ్లు అక్కర్లేదనడం లేదు. మురుగును ఆపాక, ఆఖర్న అవి రావాలి.

పాత శుద్ధి ప్లాంట్ల సామర్థ్యం 77 కోట్ల లీటర్లు. 2021లో మంజూరైన 31 ప్లాంట్లది మరో 126 కోట్లు. అన్నీ పూర్తిగా నడిస్తే కాగితం మీద లెక్క సరిపోతుంది. అసలు చిక్కు మురుగు ప్లాంటు దాకా చేరడంలో ఉంది. నాలా నదిలో కలిసే చోట చిన్న అడ్డుకట్ట వేసి, జాలీ బిగించి, మురుగును పైపులోకి మళ్లిస్తారు. జాలీకి ప్లాస్టిక్ సంచులు అడ్డుపడినా, పంపు ఆగినా మురుగు కట్ట మీంచి పొర్లి నదిలో పడుతుంది. వాన పడితే నాలాలో ప్రవాహం ఎన్నో రెట్లు పెరుగుతుంది, దాన్ని ఏ పైపూ మోయలేదు. అందుకే మురుగు, వాననీరు ఇళ్ల దగ్గరే వేరు కావాలి.

ప్రశ్న: కత్వల (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టల) దగ్గర తెల్లటి నురగ ఎందుకు? – ఒక పాఠకురాలు, పీర్జాదిగూడ

జవాబు: డిటర్జెంట్లు. సబ్బు కలిసిన నీళ్లు ఎత్తు నుంచి పడి గాలితో చిలికినట్టయితే నురగ లేస్తుంది. ఆక్సిజన్ లేని నీళ్లలో డిటర్జెంట్ దాదాపు విరగదు కాబట్టి చాలా దూరం వస్తుంది. పిల్లల్ని దాంతో ఆడనివ్వకండి, అది మురుగు నురగే.

ప్రశ్న: మా ఇల్లు నది ఒడ్డుకు దగ్గర. తెల్లవారుజామున దుర్వాసన, వెండి సామాను నల్లబడుతోంది, ఏసీలో గ్యాస్ ఏడాదికే పోతోంది. – చైతన్యపురి

జవాబు: మూడింటికీ కారణం హైడ్రోజన్ సల్ఫైడ్ కావచ్చు. ఆక్సిజన్ అయిపోయిన మురుగులో, అడుగు బురదలో పుడుతుంది. రాత్రి గాలి చల్లబడి కదలనప్పుడు ఒడ్డునే పేరుకుంటుంది. రాగి కాయిల్‌ను తినేసి సూదిమొన రంధ్రాలు చేస్తుంది. ఏసీ కొనేటప్పుడు కాయిల్‌కు రక్షణ పూత ఉందో లేదో అడగండి.

ముందు ఇంట్లో వాసనో బయటిదో తేల్చుకోండి. వాడని బాత్రూంలో నహానీ ట్రాప్ (నేల జాలీ కింద నీళ్లు నిలిచి గ్యాస్‌ను ఆపే వంపు) ఆరిపోతే డ్రైనేజీ గ్యాస్ నేరుగా గదిలోకొస్తుంది. ట్రాప్‌లో 50 మిల్లీమీటర్ల నీరు నిలవాలి. వారానికోసారి అరబకెట్ నీళ్లు పోసి, వాసన తగ్గిందేమో చూడండి.

ప్రశ్న: మూసీ నీళ్లతో పండిన ఆకుకూరలు తినొచ్చా? వరికి ఎరువెంత? – ఒక రైతు, ఎదులాబాద్

జవాబు: పచ్చిగా తినొద్దు. కొత్తిమీర, పుదీనా చట్నీలే ఎక్కువ ప్రమాదం. ఉప్పునీళ్లు మట్టిని వదిలిస్తాయి గానీ నులిపురుగుల గుడ్లను చంపవు. వేళ్లు కోసేసి, పారే నీళ్లలో రెండు మూడుసార్లు కడిగి బాగా ఉడికించండి. అయితే సీసం, కాడ్మియం లాంటి లోహాలు ఉంటే ఉడికించినా పోవు. అందుకే ఈ నీళ్ల కింద ఆకుకూరల కన్నా పశుగ్రాసమో, వండి తినే పంటలో మేలు. మడిలో దిగేటప్పుడు బూట్లు వేసుకోండి, కొంకిపురుగు పాదాల నుంచే ఎక్కుతుంది.

వరికి యూరియా కళ్లు మూసుకుని వేయొద్దు. లీటరుకు 20 మిల్లీగ్రాముల నత్రజని ఉన్న నీళ్లు ఎకరాకు పంటకాలమంతా కలిపి మీటరు లోతు కడితే 80 కిలోల నత్రజని పొలంలోకి వచ్చినట్టే, అంటే దాదాపు నాలుగు బస్తాల యూరియా. అందులో సగమే పైరుకు అందినా తక్కువేం కాదు. పైన మళ్లీ వేస్తే పైరు ఏపుగా పెరిగి పడిపోతుంది, దోమపోటు వస్తుంది, తాలు పెరుగుతుంది. నీళ్లు, మట్టి పరీక్ష చేయించాకే మోతాదు తగ్గించుకోండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ మురుగు నాలాలో కలుస్తోందని అనుమానం. ఎలా తెలుసుకోవాలి? – నాగోల్

జవాబు: వానలేని రోజున, అందరి వాడకం తగ్గిన మధ్యాహ్నం, టాయిలెట్‌లో పావు చెంచా ఫ్లోరెసీన్ అనే రంగు పొడి వేసి రెండు బకెట్ల నీళ్లు పోయండి. ఒకరు నాలా గొట్టం దగ్గర, ఒకరు మీ ఆఖరి డ్రైనేజీ చాంబర్ దగ్గర నిలబడండి. పచ్చగా మెరిసే నీళ్లు నాలాలో కనబడితే అనుమానం నిజమే. పొటాషియం పర్మాంగనేట్ వాడొద్దు, మురుగులో క్షణాల్లో గోధుమ రంగుకు తిరిగి కనబడకుండా పోతుంది. రోడ్డు మ్యాన్‌హోల్ మూత మీరు ఎత్తకండి, లోపలి హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్ ఎక్కువైతే ముక్కుకు వాసన కూడా తెలియదు. జలమండలికి 155313లో చెప్పి సిబ్బందిని పిలవండి.

బిల్డర్లు నాలాలో కలపడానికి మామూలు కారణం, రోడ్డు లైను మీ చాంబర్ కన్నా ఎత్తులో ఉండడం. అలాగైతే సంపు, కటర్ పంపు పెట్టి మ్యాన్‌హోల్‌లోకి ఎక్కించాలి. లైను కిందే ఉంటే ఆరంగుళాల పైపు, వంద అడుగులకు అడుగు వాలుతో సరిపోతుంది. అదే పనిలో పనిగా డాబా వాననీటి గొట్టం డ్రైనేజీలో కలిసి ఉంటే విడదీసి ఇంకుడుగుంతకు తిప్పించండి. వానాకాలంలో వీధిలో మ్యాన్‌హోళ్లు పొంగడానికి అదీ ఓ కారణం.