తచ్చాడటం అంటే ఊరికే తిరగడమేనా?

"మా మామగారు రోజూ సాయంత్రం వీధిలో తచ్చాడుతుంటారు" అని రాస్తే తప్పా అని అడిగారు. తప్పేనండీ, ఆయన చదివితే నొచ్చుకుంటారు కూడా.

మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశాలోకి వెళ్ళిన ఊరు, వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు. ఇంట్లో తెలుగు, బయట ఒడియా. నాతో చదివిన ఒడియా కుర్రాడు తెలుగంతా మా ఇంట్లోనే నేర్చుకున్నాడు. ఓసారి మా అమ్మ "నాన్నగారు కులాసానా?" అంటే, "గుడి దగ్గర తచ్చాడుతున్నారండీ" అన్నాడు. అమ్మకి ఒకటే టెన్షన్, ఆయనకి ఏం అవసరం వచ్చిందో, ఎవర్ని అడగలేక అక్కడ తిరుగుతున్నారో అని. వాడి మనసులో ఉన్నది ఒడియా 'బులిబా', అంటే హాయిగా షికారు తిరగడం. ఆ మాటలో ఏ అనుమానమూ లేదు.

తచ్చాడటంలో ఉంది. నిఘంటువు చూసి పని లేకుండా తిరగడం అనుకుంటారు గానీ, నా లెక్కలో తచ్చాడేవాడికి పని ఉంటుంది, పైకి చెప్పడంతే. పరీక్ష ఫీజు అడగడానికి మొహం చెల్లక నేను వంటింటి గుమ్మం దాకా వెళ్ళడం, మంచినీళ్ళు తాగి వెనక్కి రావడం, మళ్ళీ వెళ్ళడం, ఇలా నాలుగుసార్లయ్యాక మా నాయనమ్మ బియ్యం చేటలోంచి తలెత్తకుండానే "అలా తచ్చాడతావేటిరా, ఏటి కావాలో అడుగు" అంది. ఆ మాటకి అంతకంటే మంచి అర్థం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

అందుకే దానికి ఒక చోటు కావాలి: ఏదో ఒకదాని దగ్గర, లేదా చుట్టూ. పిల్లి పాలగిన్నె చుట్టూ తచ్చాడుతుంది. ఏటీఎం దగ్గర ఎవరో తచ్చాడుతున్నారంటే వాచ్‌మన్ లేచి చూస్తాడు. దోగాడటం, ఊగిసలాడటం, కొట్టుమిట్టాడటం లాగే ఇందులోనూ ఆ 'ఆడు' ఉంది చూడండి, అక్కడక్కడే కదలడం. తారట్లాడటం దీనికి దగ్గరి చుట్టమే గానీ మెత్తటి మాట, పెదాల మీద నవ్వు తారట్లాడిందంటాం, తచ్చాడిందని అనం. నిజంగా పనీపాటా లేకుండా ఊరంతా తిరిగేవాణ్ణి బలాదూరుగా తిరుగుతున్నాడంటాం.

మీ మామగారు గాలి కోసం నడుస్తుంటే 'అలా వీధిలోకి షికారు వెళ్తుంటారు' అని రాయండి, చాలు.