సీఈఏ కాస్త ఎక్కువ వస్తే పేగు క్యాన్సరేనా?

హెల్త్ చెకప్‌లో మీ నాన్నగారికి సీఈఏ (కొన్ని క్యాన్సర్లలో రక్తంలో పెరిగే ప్రోటీన్, ఇలాంటివాటినే మార్కర్లంటారు) 6.2 వచ్చిందని, పేగు క్యాన్సరేమోనని భయంగా ఉందని రాశారు. ఆ ఒక్క అంకె చూసి ఔననీ కాదనీ ఎవరూ చెప్పలేరు. నేను డాక్టర్ని కాను, మా ఇంట్లో జరిగినది చెబుతాను.

మా అమ్మకు పెద్దపేగులో కణితి బయటపడినప్పుడు సీఈఏ మామూలుగానే ఉంది. రక్తహీనత ఎందుకొచ్చిందా అని వెతుకుతూ మలపరీక్ష, ఆపైన కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేస్తే కణితి దొరికింది. తొలి దశలో చాలామందికి సీఈఏ పెరగదట. మా మేనమామది ఇందుకు తలకిందులు. సీఏ 19-9 అనే ఇంకో రక్త మార్కర్ (క్లోమం, పిత్తనాళ క్యాన్సర్లలో పెరిగేది) వందల్లో వచ్చేసరికి ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోయాం. చివరికి తేలింది పిత్తనాళంలో అడ్డుపడిన రాయి! రాయి తీశాక కామెర్లు తగ్గాయి, అంకె కూడా మామూలు హద్దయిన 37 లోపుకు దిగింది.

సీఈఏ మిల్లీలీటరుకు 5 నానోగ్రాముల లోపు ఉండాలంటారు. పొగతాగే అలవాటు, కాలేయ జబ్బు, పేగువాపు ఉన్నా క్యాన్సర్ లేకుండానే అది కాస్త దాటుతుంది. మీ నాన్నగారు పొగ తాగుతారో లేదో మీరు రాయలేదు. డాక్టరు మళ్లీ పరీక్ష రాస్తే అదే ల్యాబ్‌లో చేయించండి, ల్యాబ్ మారితే అంకెలు పోల్చడం కష్టం. రెండోసారి బాగా పెరిగితే మాత్రం ఆలస్యం చేయకండి.

1965లో మాంట్రియల్‌లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ ఈ సీఈఏను గుర్తించారు. ఇప్పుడు దీని అసలు ప్రయోజనం పేగు క్యాన్సర్ ఆపరేషన్ తర్వాతే. అంతకుముందు ఎక్కువగా ఉన్నది కొన్ని వారాల్లో దిగాలి. దిగినది మళ్లీ పెరుగుతుంటే స్కాన్ తీయిస్తారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ప్యాకేజీలో కలిపి ఎందుకు అంటగడతారో నాకైతే అర్థం కాదు.

అమ్మ విషయంలో అక్కరకొచ్చిన మార్కర్లు బయాప్సీ ముక్కలో (పరీక్షకు కణితి నుంచి తీసిన చిన్న భాగంలో) దొరికాయి. ఎంఎంఆర్ ప్రోటీన్లు (కణాల డీఎన్ఏలో పొరపాట్లను సరిచేసేవి) ఉన్నాయో లేవో చూశారు. అవి లోపిస్తే కొందరిలో అది లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య సమస్య కావచ్చు, అప్పుడు పిల్లలకూ పరీక్షలు అవసరమవుతాయి. ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తితోనే క్యాన్సర్‌ను ఎదుర్కొనే చికిత్స) పనిచేస్తుందా అన్నదీ కొంతవరకు దాన్నిబట్టే తెలుస్తుంది.

మీరు గ్యాస్ట్రోఎంటరాలజిస్టును (జీర్ణకోశ డాక్టరును) కలవండి. మలంలో రక్తం, బరువు తగ్గడం, మలవిసర్జనలో మార్పు ఉన్నాయేమో నాన్నగారిని అడిగి వెళ్లండి. ఆయన వాడే మందుల చీటీ కూడా తీసుకెళ్లండి. పాంటాప్రజోల్ లాంటి ఎసిడిటీ మాత్రలు క్రోమోగ్రానిన్ ఏ అనే ఇంకో మార్కర్‌ను పెంచేస్తాయి, మీ ప్యాకేజీలో అదీ ఉండొచ్చు.