సంగీత సందేహాలు: ఫోనులో పాట, సభలో పాట

ప్రశ్న: నేను రేణిగుంట దగ్గర ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తాను. తిరుపతి నుంచి కంపెనీ బస్సులో వెళ్లి వచ్చేటప్పుడు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అన్నమయ్య కీర్తనలూ పాత కచేరీలూ వింటాను. మహతి కళాక్షేత్రంలో కచేరీలు జరుగుతాయని తెలిసినా, రోజంతా నిలబడి పనిచేసిన తర్వాత అంతసేపు కూర్చునే ఓపిక ఉండదు. మహావిద్వాంసుల రికార్డింగులు చేతిలో ఉండగా సభకు వెళ్లకపోతే నేను నిజంగా ఏమైనా పోగొట్టుకుంటున్నానా?
(ఒక పాఠకుడు, తిరుపతి)

జవాబు: రికార్డింగును చిన్నచూపు చూడడం సంగీతం తెలిసినవారిలో చాలామందికి అలవాటు. తిరుపతిలో ఉండే మనకు మాత్రం అది తగదు. అన్నమాచార్యులు (1408–1503) 32,000 సంకీర్తనలు రచించారని ప్రతీతి. వాటిని రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తనా భండారంలో భద్రపరచారు కాబట్టి అందులో సగంలోపైనా మనకు దక్కాయి. అయితే ఆ రేకులపై సాహిత్యమూ రాగం పేరూ ఉన్నాయే గాని, ఏ స్వరం మీద ఏ అక్షరం నిలిచేదో రాసి లేదు. ఈనాడు మనం వింటున్న వరుసల్లో చాలామటుకు ఇరవయ్యో శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి విద్వాంసులు కూర్చినవే. అన్నమయ్య స్వయంగా ఎలా పాడారో తెలుసుకునే మార్గం ఇక లేదు. ఆ లోటు ఎంతటిదో తెలిసినవారెవరూ మీ ఫోనులోని పాటను తేలికగా చూడలేరు. ఒక విద్వాంసుడి గొంతు, ఆయన గమకం (స్వరాన్ని ఊపి పలికించే తీరు), ఊపిరి తీసుకునే చోటు కూడా చెరిగిపోకుండా నిలిచి ఉండడం మన తరానికి దక్కిన భాగ్యం. మీరు బస్సులో వింటున్నది సంగీతమే. ఆ విషయంలో మీకు సందేహం అక్కర్లేదు.

సభకు వెళ్లనందువల్ల తప్పిపోయేది మరొకటుంది. కర్ణాటక కచేరీలో సగానికి పైగా అప్పటికప్పుడు పుట్టేదే. రాగాలాపన (మాటలు లేకుండా రాగాన్ని విప్పి పాడడం) ఎంతసేపు చేయాలి, నెరవలుకు (ఒకే పాదాన్ని రకరకాలుగా పాడడానికి) ఏ పాదం ఎత్తుకోవాలి, స్వరకల్పన (సరిగమలతో అల్లి పాడడం) ఎక్కడ ముగించాలి అన్నవి గాయకుడు వేదిక మీద కూర్చుని, ఎదుటివారిని చూస్తూ తేల్చుకుంటాడు. ఆయన ఒక సంచారం పాడి ఆగగానే వయొలిన్ విద్వాంసుడు దాన్ని అందుకుంటాడు. ఆ ఆగడంలో ఇద్దరి చూపులూ కలుస్తాయి. ఆలాపన సాగుతున్నంతసేపూ మృదంగ విద్వాంసుడికి పని ఉండదనుకుంటాం గాని, అప్పుడాయనను గమనించండి. ఏసీ చల్లదనానికి చర్మం మారి శ్రుతి కదిలితే, చిన్న కర్రముక్కా రాయీ తీసుకుని, వాయిద్యాన్ని చెవి దగ్గరికి వంచుకుని, అంచు మీద పైనుంచి తట్టి శ్రుతి పెంచుతాడు, కిందినుంచి తట్టి తగ్గిస్తాడు. పాటకు అడ్డం రాకుండా, గాయకుడు ఊపిరి తీసుకునే సందుల్లోనే ఆ పని పూర్తి చేస్తాడు. రోజూ చేతులతో సున్నితమైన పని చేసే మీకు ఆ నేర్పు ఎంతటిదో నాకన్నా బాగా తెలుస్తుంది. రికార్డింగులో ఇదేదీ ఉండదు, ఉన్నా వినబడదు.

మరో సంగతి ఏమిటంటే, రికార్డింగు ఎన్నిసార్లు పెట్టినా ఒకేలా వస్తుంది. పదోసారి వినేటప్పటికి ఆలాపన ఎటు తిరుగుతుందో మీకు ముందే తెలిసిపోతుంది. సభలో ఆ సంగతి గాయకుడికే పూర్తిగా తెలియదు. ముందు వరుసలో ఒకరు తల ఊపి "శభాష్" అంటే, దాటిపోవలసిన సంగతి (పాదాన్ని కొత్తగా మలచి పాడే తీరు) దగ్గర ఆయన మరో రెండు ఆవర్తనాలు (తాళం చుట్లు) నిలుస్తాడు. మీరు అక్కడ కూర్చోవడం వల్ల ఆ పాట మారుతుంది. ఫోనులోని విద్వాంసుడికి మీరున్నారనే తెలియదు. నా మటుకు నేను సభకు వెళ్లడానికి ఇదే అసలు కారణం.

ఇక ఓపిక విషయం. కచేరీ మొత్తం కూర్చోవాలన్న నియమం ఏదీ లేదు. సాధారణంగా వర్ణం, చిన్న కృతులు అయ్యాక నడిమిలో ప్రధాన కృతి, దానితోపాటు మృదంగానికి తని ఆవర్తనం (పాట ఆగి మృదంగం విడిగా మోగే భాగం) వస్తాయి. మొదలైన గంటకు వెళ్లి, పాటకూ పాటకూ మధ్య లోపలికి అడుగుపెట్టి, తని ముగిశాక లేచి వచ్చినా తప్పు పట్టేవారు లేరు. వారపు సెలవు నాడు మహతికో, అన్నమాచార్య కళామందిరానికో వెళ్లండి. కొండకు వెళ్లిన రోజైతే సాయంత్రం ఆలయం ఎదుట నాద నీరాజనం వేదిక ముందు కాసేపు కూర్చోండి. అలసటతో కునుకు పట్టినా సిగ్గుపడకండి, తంబూరా నాదంలో కళ్లు మూతపడితే ఏ విద్వాంసుడూ కోపగించుకోడు.

బస్సు సంగతి కూడా చెప్పాలి. ఇంజను రొద మృదంగం ఎడమవైపు తొప్పి నాదాన్ని మింగేస్తుంది, దాంతో మనకు తెలియకుండానే శబ్దం పెంచుతాం. పెద్దవారు వారానికి 40 గంటలు వినేటట్లయితే 80 డెసిబెళ్లు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఫ్యాక్టరీలో యంత్రాల చప్పుడు మధ్య పనిచేసేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. చెవిని పూర్తిగా మూసే ఇయర్‌ఫోన్లు వాడితే బయటి రొద తగ్గి, తక్కువ శబ్దంలోనే పాట తెలుస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయి చిత్తూరులో ఉంటూ చెన్నైలోని గురువుగారి దగ్గర ఆన్‌లైన్‌లో గాత్రం నేర్చుకుంటోంది. తంబూరా యాప్ పెడితే ఆయనకు తెగి తెగి వినిపిస్తోందట. ఇద్దరూ కలిసి పాడితే తాళం కుదరడం లేదు. నేను ఆఫీసు నుంచి వచ్చాకే క్లాసు కాబట్టి పక్కనే కూర్చుని గమనిస్తున్నాను, అమ్మాయి తప్పు ఉన్నట్టు లేదు. కొత్త ఫోను కొనాలా?
(ఒక తల్లి, చిత్తూరు)

జవాబు: కొనవద్దమ్మా. మీ ఫోనులో లోపమేమీ లేదు. మనుషులు మాట్లాడుకోవడానికి తయారైన యాప్‌లో మీరు సంగీతం పంపుతున్నారు. మాట ఆగి ఆగి వస్తుంది, ఫ్యాను చప్పుడు ఆగకుండా వస్తుంది. అందుకే ఎడతెగకుండా ఒకే తీరున సాగే శబ్దాన్ని అనవసరమైన రొదగా లెక్కగట్టి తీసివేసే ఏర్పాటు ఆ యాప్‌లలో ఉంటుంది. తంబూరా లక్షణమే ఎడతెగకపోవడం కాబట్టి యాప్ దాన్నీ ఫ్యాను కింద జమకట్టేస్తోంది. అమ్మాయి షడ్జమం ("స" స్వరం) మీద దీర్ఘంగా నిలిచినప్పుడు గొంతు సన్నగిల్లినట్టు గురువుగారికి వినిపిస్తే, దానికీ ఇదే కారణం కావచ్చు. సెట్టింగులలో రొద తగ్గించే ఏర్పాటును ఆపివేయండి. కొన్ని యాప్‌లలో సంగీతం కోసమే అసలు ధ్వనిని ఉన్నదున్నట్టు పంపే వీలుంటుంది, దాన్ని ఎంచుకోండి.

తాళం కుదరకపోవడానికి కారణం దూరం. ఒకే గదిలో పది మీటర్ల ఎడంలో కూర్చున్నా శబ్దం చేరడానికి సెకనులో ముప్ఫయ్యో వంతు పట్టదు. ఇంటర్నెట్ మీద మాట అటు వెళ్లి ఇటు రావడానికి దానికి ఎన్నో రెట్లు పడుతుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు వాడితే ఆ ఆలస్యం ఇంకా పెరుగుతుంది కాబట్టి తీగ ఉన్నవే వాడండి. అంతకన్నా ముఖ్యంగా, కలిసి పాడే ప్రయత్నం మానాలి. గురువుగారు ఒక పాదం పాడి ఆపాక అమ్మాయి పాడాలి, తాళం ఎవరు పాడేటప్పుడు వారే వేసుకోవాలి. ఆ పాఠాన్ని ఆయన అనుమతితో రికార్డు చేసుకుంటే, మర్నాడు సాధకానికి అంతకు మించిన తోడు ఉండదు.

అయినా వీలైనప్పుడల్లా అమ్మాయిని చెన్నై తీసుకువెళ్లి గురువుగారి ఎదుట కూర్చోబెట్టండి. మీ ఉద్యోగానికి సెలవు దొరకడం కష్టమని తెలిసే చెబుతున్నాను. గురువుగారి గొంతులో గొంతు కలిపి పాడడం, ఆయన తొడ మీద వేసే తాళాన్ని చూస్తూ తన కాలప్రమాణం సరిదిద్దుకోవడం తెర మీద సాధ్యం కాదు. ప్రయాణానికి ఒక పూట పోయినా ఆ పాఠం విలువ వేరు.

ప్రశ్న: బ్యాంకు పని ఒత్తిడిలో ఒక్కోసారి కచేరీ మధ్యలో లేచి వెళ్లవలసి వస్తుంది. తర్వాత చూసుకోవచ్చని ఫోనులో వీడియో తీస్తుంటే పక్కవారు అభ్యంతరం చెప్పారు. అందులో తప్పేముంది?
(ఒక పాఠకుడు, తిరుపతి)

జవాబు: వారు చెప్పిందే సరి. కళాకారుల అనుమతి లేకుండా తీయడం మర్యాద కాదు. చీకటి హాలులో వెలిగే తెర వెనుకవారికి వేదికను మరుగు చేస్తుంది. పైగా మీకు దక్కేదీ అంతంత మాత్రమే. ఫోను మైకు చిన్న శబ్దాన్ని పెంచి, పెద్ద శబ్దాన్ని తగ్గించి అన్నిటినీ ఒకే ఎత్తుకు తెస్తుంది, గాయని గొంతు తగ్గించి పాడిన సంగతీ తారస్థాయిలో పాడిన సంగతీ ఒక్క తీరున వినిపిస్తాయి. లేచి వెళ్లక తప్పని రోజున ద్వారం పక్కన చివరి కుర్చీలో కూర్చోండి. విన్నంతవరకు కృతి, రాగం, తాళం ఒక చీటీ మీద రాసుకోండి. ఇంటికి వెళ్లాక అదే కృతిని వేరొకరు పాడిన మంచి రికార్డింగు వెతికి వినండి. తిరుమలలో నాద నీరాజనం కార్యక్రమాలనైతే దేవస్థానం వారి టీవీ చానెల్ ఎస్వీబీసీ ప్రత్యక్షంగా ప్రసారం చేస్తుంది కాబట్టి, వాటికోసం మీరు ఫోను ఎత్తవలసిన పనే లేదు.