నల్లరేగడి దగ్గర జాగ్రత్త, బుజ్జీ

బుజ్జీ,

నువ్వు జంతువుల్ని చూడ్డానికి కెన్యాలో మసాయి మారా అభయారణ్యానికి వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పగానే వీధిలో నలుగురికీ చెప్పుకుని వచ్చాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఏప్రిల్ ఏంటే, పిచ్చిదానా! అక్కడ మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు. నీకు టూరు అంత చవగ్గా దొరికింది అందుకే. వైల్డ్‌బీస్ట్ అనే అడవి జంతువుల మందలు మారా నది దాటడం చూడాలంటే జూలై, అక్టోబరు మధ్య వెళ్లాలి. ఏప్రిల్లో అవి టాంజానియా వైపు సెరెంగెటిలో ఉంటాయి. సరే, డబ్బు కట్టేశావు. సింహాలు, ఏనుగులు, జిరాఫీలు ఏడాదంతా అక్కడే ఉంటాయిలే.

ఎల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందు నారాయణగూడలో ఐపీఎం అనే ప్రభుత్వ టీకా కేంద్రంలో వేయించుకో. ఆ కార్డు లేకుండా తిరిగొస్తే మనవాళ్లే 6 రోజులు క్వారంటైన్లో పెడతారు. మలేరియా మాత్రల గురించి డాక్టర్ని అడుగు. మీ అమ్మ పచ్చళ్లు క్యారీబ్యాగుల్లో చుట్టి ఇస్తుంది, తీసేయ్. 2017 నుంచి అక్కడ ఆ కవర్లు నిషేధం.

ఇక అసలు సంగతి. డ్రైవర్ని తొందరపెట్టకు.

నేను నైరోబీలో లెక్కలు రాసే ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇలాగే ఒక ఏప్రిల్లో మీ అత్తనీ, నాలుగేళ్ల మీ బావనీ తీసుకుని మారా వెళ్లాను. దారికి దూరంగా చీతా, దాని వెనక వీపున బూడిదరంగు జూలుతో మూడు పిల్లలు. దగ్గరికి పోనీ అన్నాను. దారి దిగకూడదు సార్ అన్నాడు డ్రైవర్. రెండోసారీ అదే మాట. మూడోసారి జేబులోంచి నోట్లు తీశాను. వాటివంక చూసి, ఏమీ అనకుండా గేరు మార్చాడు.

వంద గజాలు పోలేదు, వ్యాను చక్రాలు సగందాకా దిగబడ్డాయి. నల్లరేగడి బుజ్జీ! వాన పడ్డాక చేలోకి బండి దింపానని మీ తాత నన్ను చింతబరికెతో కొట్టాడు. అలాంటి మట్టిలో పుట్టినవాణ్ణి, నాకు ఆ పూట చీతా తప్ప ఏమీ కనపడలేదు. అదీ ఇంజన్ రొదకి పిల్లల్ని తీసుకుని గడ్డిలోకి పోయింది. బండి దిగడానికి లేదు. అద్దాలు ఎక్కించుకుని నాలుగు గంటలు కూర్చున్నాం. చీకటిపడ్డాక హైనాలు కూయడం మొదలుపెట్టాయి, కూసినప్పుడల్లా ఇంకాస్త దగ్గరగా. మీ బావ ఒంటికి వస్తోందంటే మీ అత్త మంచినీళ్ల సీసా ఖాళీ చేసి పట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ అనదు.

రేంజర్లొచ్చి తాడేసి లాగారు. జరిమానా నేనే కట్టాను. నైరోబీ చేరాక కంపెనీవాళ్లు డ్రైవర్ని తీసేశారు. తప్పు నాదని వెళ్లి చెబితే కౌంటర్లో ఆయన నవ్వి ఊరుకున్నాడు. తనకి ఇద్దరు పిల్లలని వెళ్లేటప్పుడు డ్రైవర్ చెప్పాడు, పేర్లు కూడా చెప్పాడు. ఎంత తలచుకున్నా ఆ పేర్లు గుర్తు రావడం లేదు.

నీ డ్రైవర్ "పోలె పోలె" అంటే మెల్లగా అని. అన్నప్పుడు ఊరుకో. వ్యాను ఒప్పుకోకు, ఫోర్ వీల్ డ్రైవ్ ల్యాండ్ క్రూజర్ అని ముందే రాయించుకో. రాత్రి టెంటు బయట గడ్డి కొరుకుతున్న చప్పుడైతే హిప్పో అయ్యుంటుంది, జిప్ తీయకు తల్లీ.

మారా 1,500 మీటర్ల ఎత్తున ఉంటుంది, తెల్లవారుజామున చలి. మీ అత్త తన ఊదా స్వెటర్ ఎండలో వేసింది. నా బైనాక్యులర్స్ తుడిచి పెట్టాను, ఎడమవైపు స్క్రూ కాస్త వదులు. ఆదివారం వచ్చి తీసుకెళ్లు.

మీ మావయ్య